జంతువుల బొమ్మలున్న బంగారు నాణేలు: నా దగ్గరున్న నాలుగింటి మీద నా మాట

ముందే చెప్పేస్తాను, బంగారంలో డబ్బు పెట్టాలా వద్దా అనే రివ్యూ కాదు ఇది. ఒక ఔన్స్ బంగారం ఏ రూపంలో ఉన్నా ఒక ఔన్స్ బంగారమే, కరిగించాక అందులో పాండా ఉండేదా కంగారూ ఉండేదా అని ఎవరూ అడగరు. కానీ నగకు మజూరీ కట్టినట్టు ఇలాంటి నాణేలకు బంగారం ధర మీద ప్రీమియం అని కొంత ఎక్కువ కడతాం, అది బొమ్మ కోసమే కడతాం. ఆ బొమ్మ అంత విలువ చేస్తుందా అన్నదే నా ప్రశ్న. కొన్నేళ్లుగా ఒక్కొక్కటిగా కొన్నవి నాలుగున్నాయి నా దగ్గర: అమెరికా బఫెలో, దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్, చైనా పాండా, ఆస్ట్రేలియా కంగారూ. వీటిని పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద పెట్టుకుని ఎన్ని రాత్రులు కూర్చున్నానో లెక్కలేదు. నేను చూసేది జంతువు ఒళ్లు. బొచ్చు బొచ్చులా ఉందా, తోలు కింద కండ కదులుతున్నట్టు ఉందా, లేక నాలుగు గీతలు గీసి వదిలేశారా అని.

బఫెలోతో మొదలుపెడతాను, ఎందుకంటే నాలుగింట్లో నాకు ప్రాణం అదే. 2006లో వచ్చింది, అమెరికా మింట్ (టంకశాల) తయారుచేసిన మొదటి 24 క్యారెట్ల బంగారు నాణెం. బొమ్మ మాత్రం చాలా పాతది, జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ అనే శిల్పి ఐదు సెంట్ల నాణెం కోసం చేసిన డిజైన్, 1913లో మొదటిసారి వాడారు. ఒకవైపు అమెరికా ఆదివాసీ ముఖం, ఇంకోవైపు బైసన్, అంటే అమెరికా అడవిదున్న, అక్కడివాళ్లు బఫెలో అనేది దీన్నే. ఆ 1913 నాణెం మీద బైసన్ చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి ఉంటుంది, నాణెం విలువ ఆ దిబ్బ మీదే రాసి ఉండేది. దిబ్బ ఎత్తుగా ఉండటంతో చేతులు మారేకొద్దీ అక్షరాలు అరిగిపోతాయని అదే సంవత్సరం దిబ్బను తీసేసి కింద చదునుగా గీత పెట్టేశారు. బంగారు నాణెం ఎవరి జేబులోనూ అరిగేది కాదు కదా, అందుకనేమో దీని మీద మళ్లీ ఆ మొదటి దిబ్బనే తెచ్చారు. నాకు ఇది ఎంత బాగుంటుందో. ఆ దిబ్బ వల్లే బైసన్ కాళ్లకి బరువు వస్తుంది, నిజంగా నేల మీద నిలబడినట్టు ఉంటుంది, గీత మీద నిలబెట్టిన బొమ్మలా ఉండదు.

భూతద్దంలో చూస్తే మూపు మీద, ముందుకాళ్ల మీద ఉన్ని దుబ్బులు దుబ్బులుగా, ముడులు ముడులుగా ఉంటుంది, పొట్ట దగ్గరకు వచ్చేసరికి అదే బొచ్చు పలచబడి తోలు నున్నగా అయిపోతుంది. ఒకే జంతువు ఒంటి మీద ఆ రెండు తేడాలూ నాణెం మందంలో చూపించడం మామూలు విషయం కాదు. బొమ్మ చుట్టూ ఖాళీ కూడా అద్దంలా మెరవదు, కాస్త గరుగ్గా ఉంటుంది, దానివల్ల వెలుతురు చిందరవందర కాకుండా జంతువు మీదే నిలుస్తుంది. లోపం అంటే మెత్తదనం. 24 క్యారెట్లు అంటే వేరే లోహం బలం ఉండదు. ఒకసారి నాణెం దాచే ప్లాస్టిక్ క్యాప్సూల్ లోంచి తీసి బల్ల మీద పెట్టేటప్పుడు వేలు జారి అంచు మీద పడింది, పడిన ఎత్తు బెత్తెడు కూడా లేదు, అయినా అంచు నొక్కుకుపోయింది. ఇప్పటికీ ఆ చోటు కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది.

క్రూగర్‌రాండ్ సంగతి వేరు. 1967 నుంచి వస్తోంది, ఒకవైపు దక్షిణాఫ్రికా పాతకాలపు నాయకుడు పాల్ క్రూగర్ ముఖం, ఇంకోవైపు కోర్ట్ స్టేన్‌బర్గ్ చెక్కిన స్ప్రింగ్‌బాక్ జింక. ఇది 22 క్యారెట్లు, మిగతాది రాగి, అందుకే మిగతా మూడింటి పక్కన పెడితే ఎర్రగా కనిపిస్తుంది. కొత్తగా కొనేవాళ్లు ఇక్కడే పొరబడతారు, 22 క్యారెట్లు కాబట్టి బంగారం తక్కువ అనుకుంటారు. కాదు. నాణెం మొత్తం బరువు 33.93 గ్రాములు, అందులో స్వచ్ఛమైన బంగారం సరిగ్గా ఒక ఔన్స్, అంటే 31.1 గ్రాములు. రాగి పైన కలిసిందే తప్ప బంగారం తగ్గలేదు. ఆ రాగి వల్లే గట్టిగా ఉంటుంది, చేత్తో పట్టుకోవడానికి బఫెలో అంత టెన్షన్ పడక్కర్లేదు. ఇంకో విచిత్రం, దీని మీద ముఖవిలువ ఉండదు. బఫెలో మీద 50 డాలర్లు, కంగారూ మీద 100 ఆస్ట్రేలియా డాలర్లు అని ఉన్నట్టు దీని మీద డబ్బు విలువ చెప్పే అంకె ఏదీ ఉండదు, ఎంత బంగారం ఉందో రాసి ఉంటుంది.

బొమ్మ విషయానికొస్తే, చూడగానే పట్టేసే రకం కాదు. స్ప్రింగ్‌బాక్‌ది పొట్టి బొచ్చు, నున్నటి ఒళ్లు, ఉన్నిలాగా ఆడించడానికి శిల్పికి ఏమీ దొరకదు. ఆయన కాళ్ల మీద పనిచేశాడు. అడుగు వేస్తున్న కాళ్లు, కీళ్ల దగ్గర సన్నబడటం, కొమ్ముల వంపు, ఇంతే, కానీ చూడగా చూడగా నచ్చుతుంది. ఏళ్లు గడిచినా అదే జింక, సంఖ్యలో కూడా విస్తారంగా వచ్చాయి, కాబట్టి మామూలు బులియన్ రకానికి (అంటే ముఖ్యంగా బంగారం కోసం కొనే రకానికి) ప్రీమియం సాధారణంగా తక్కువే ఉంటుంది. మొదటి నాణెం కొనేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

పాండాకి అభిమానులు ఎక్కువ, కారణం తెలిసిందే, ఏటా బొమ్మ మారుతుంది. 1982లో మొదలైంది, ఒకవైపు బీజింగ్‌లోని స్వర్గ దేవాలయం, రెండోవైపు పాండా, ఒక ఏడు వెదురు నములుతూ, ఒక ఏడు పిల్లతో, ఒక ఏడు నీళ్ల దగ్గర. 2002లో మాత్రం 2001 బొమ్మనే మళ్లీ వేశారు, ఇకమీదట మార్చం అన్నారు, నాణేలు సేకరించే కలెక్టర్లు ఒప్పుకోలేదు, మళ్లీ మార్చడం మొదలుపెట్టారు. నేనైనా ఒప్పుకునేవాణ్ణి కాదు. అసలు పాండాని బంగారంలో చేయడమే పెద్ద పరీక్ష: తెలుపూ నలుపూ ఉన్న జంతువుని ఒకే రంగు లోహంలో ఎలా చూపిస్తారు? ఒక భాగాన్ని మెరిసేలా, ఇంకో భాగాన్ని మసకగా గరుగ్గా వదిలి చూపిస్తారు. నాణేన్ని కొంచెం అటూఇటూ వంచితే చెవులూ కళ్ల చుట్టూ మచ్చలూ ఒకసారి నల్లబడతాయి, ఒకసారి వెలుగుతాయి. ఆ క్షణం కోసమే ఈ నాణెం కొనాలి.

కొనేముందు బరువు చూసుకోండి. 2016 నుంచి పాండా ఔన్సుల్లో రావడం లేదు, గ్రాముల్లో వస్తోంది, మామూలు బులియన్ రకంలో పెద్దది 30 గ్రాములు. అంటే పాత ఔన్స్ పాండా కంటే, మిగతా దేశాల ఔన్స్ నాణేల కంటే బంగారం 1.1 గ్రాములు తక్కువ. ధరలు పక్కపక్కన పెట్టి చూసి పాండా చవగ్గా వస్తోంది అని మురిసిపోకూడదు, గ్రాముకి ఎంత పడుతోందో లెక్కేసుకోవాలి.

నా పాండాతో నాకు చేదు అనుభవం ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, అమ్మినాయన పేరు ఇక్కడ అనవసరం, ఫొటోల్లో గుడి బొమ్మ ఉన్న వైపు మాత్రమే దగ్గరగా చూపించి పాండా వైపు దూరం నుంచి తీశాడు, నేనూ ఆత్రంలో అడగలేదు. వచ్చాక భూతద్దంలో చూస్తే పాండా పక్కన మెరిసే ఖాళీ నిండా వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకి. ఎవరో గుడ్డతో శ్రద్ధగా తుడిచారు. అడిగితే బరువు సరిగ్గానే ఉంది కదండీ అన్నాడు. బరువు సరిగ్గానే ఉంది, నిజమే, కానీ నేను బొమ్మ కోసం కట్టిన డబ్బు ఆ గుడ్డతోనే పోయింది. మీరు ఎవరి దగ్గర కొన్నా రెండు వైపులా, ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి. పాత నాణేన్ని ఎప్పుడూ రుద్దకండి, పాలిష్ అసలే వద్దు. తీసేటప్పుడు అంచు పట్టుకోవాలి, కింద మెత్తటి గుడ్డ పరచాలి.

ఆస్ట్రేలియా నాణెం 1986లో బంగారు ముద్దల బొమ్మలతో మొదలై 1989లో కంగారూకి మారింది, ఇదీ ఏటా మారుతుంది, 99.99 శాతం బంగారం. పని చాలా శుభ్రంగా ఉంటుంది, అంచులు పదునుగా, కంగారూ తోక మీద పొట్టి బొచ్చు వరసగా దువ్వినట్టు ఉంటుంది. నిజాయితీగా చెప్పాలంటే నాకు కొంచెం ఎక్కువ శుభ్రంగా అనిపిస్తుంది, బైసన్‌లో ఉన్న మొరటుతనం లేదు. ఈ కంగారూని వేసే పెర్త్ మింట్ నుంచే వచ్చే లూనార్ వరస మాత్రం నాకు బాగా ఇష్టం. చైనా పంచాంగంలోని పన్నెండు జంతువులు, ఏడాదికొకటి, 1996లో ఎలుకతో మొదలుపెట్టి పన్నెండేళ్లు, తర్వాత 2008 నుంచి రెండో వరస, 2020 నుంచి మూడోది. ఒక ఔన్స్ బులియన్ నాణేలు ఏడాదికి 30,000 మించి వేయరు. ఇష్టమైన జంతువు వచ్చిన ఏడు కొంటే చాలు, పన్నెండూ పూర్తి చేయాలని కూర్చుంటే మనకి నచ్చని బొమ్మలకి కూడా ప్రీమియం కట్టాల్సి వస్తుంది.

జంతువు బంగారం మీదకి నిన్నమొన్న ఎక్కింది కాదు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో లిడియా రాజు క్రీసస్ కాలపు నాణేల మీదే సింహం, ఎద్దు ఎదురెదురుగా ఉంటాయి. మన వరహా అన్న మాటలో కూడా వరాహం దాక్కుని ఉంది, నాణెం మీది పంది బొమ్మ నుంచే ఆ పేరు వచ్చిందంటారు.

చిన్న సైజుల గురించి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. 1 గ్రాము పాండా వెడల్పు 10 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. అందులో పాండా కళ్లెక్కడున్నాయో భూతద్దం లేకుండా నాకు దొరకలేదు. పైగా సైజు తగ్గేకొద్దీ గ్రాముకి పడే ప్రీమియం పెరుగుతుంది. బహుమతికైతే సరే, బొమ్మ చూడాలంటే కనీసం పావు ఔన్స్ ఉండాలని నా అభిప్రాయం. ప్రూఫ్ రకం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను: పాలిష్ చేసిన అచ్చులతో ఒకటికి రెండుసార్లు కొట్టి తయారుచేస్తారు, చూడముచ్చటగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది, కానీ తిరిగి అమ్మేటప్పుడు కలెక్టర్ దొరక్కపోతే బంగారం ధరే ఇస్తారు.

నకిలీల భయం అందరికీ ఉండేదే. మొదట బరువు, వెడల్పు, మందం మూడూ కొలవాలి. ఇత్తడి మీద పూత పూసింది అయితే బరువు కుదిరితే మందం కుదరదు, మందం కుదిరితే బరువు కుదరదు. నేను ఇంకోటి కూడా చేస్తాను: చిన్న డిజిటల్ తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నటి నూలుదారంతో కట్టి గ్లాసు అడుగుకి తగలకుండా నీళ్లలో వేలాడదీస్తాను. ఔన్స్ 24 క్యారెట్ల నాణెమైతే తూకం 1.6 గ్రాముల దగ్గర ఆగాలి, అది నాణెం బరువు కాదు, నాణెం పక్కకి నెట్టిన నీళ్ల బరువు. మొదటిసారి బఫెలోతో ఆ అంకె చూసినప్పుడు ఎంత సంతోషం వేసిందో. ప్రూఫ్ నాణేలతో ఈ పని చేయకండి, దారం వల్ల నాణెం గీసుకుపోతుంది. ఇంకా, టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానిది 19.3, కాబట్టి లోపల టంగ్‌స్టన్ పెట్టిన నకిలీని ఈ నీళ్ల పరీక్ష పట్టుకోలేదు. ఖరీదైనది కొంటుంటే లోహం లోపలిదాకా చూసే మిషన్ ఉన్నచోట పరీక్ష చేయించుకోవడం మేలు. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు గ్రేడ్ ఇచ్చి సీల్ చేసిన పెట్టెల్లో ఉన్నవి కొన్నా మంచిదే, 70కి ఎంత వచ్చిందో దాని మీదే ఉంటుంది, కాకపోతే ఆ పెట్టె నంబర్‌ని వాళ్ల సైట్‌లో సరిచూసుకోండి, పెట్టెలకీ నకిలీలు వస్తున్నాయి.

నాలుగింట్లో ఒక్కటే ఉంచుకోమంటే బఫెలో ఉంచుకుంటాను, అంచు నొక్కుకుపోయినా సరే. ఆ తర్వాత క్రూగర్‌రాండ్, తర్వాత కంగారూ. పాండాని ఇచ్చేసి, ఎవరూ తుడవని పాండాని ఇంకోదాన్ని తీసుకోవాలని చూస్తున్నాను, ఈసారి రెండువైపుల ఫొటోలు వచ్చేదాకా డబ్బు పంపను.