క్యోటోలో విసనకర్ర కోసం నాలుగు రోజులు

చేతితో చిత్రించిన మడత విసనకర్రను, జపానువారు సెన్సు అనే దానిని, అది తయారయ్యే ఊరిలోనే చూసి కొనాలన్న కోరికతో జూన్ మొదట్లో అమ్మా నేనూ క్యోటోలో నాలుగు రోజులు ఉన్నాము. మొదటి రెండు రాత్రులు స్టేషను పక్క హోటల్లో గడిపాము. గది శుభ్రంగానే ఉంది గాని, దుకాణాలకు వెళ్లాలంటే ప్రతిసారీ మెట్రో ఎక్కవలసి వచ్చింది. తరువాత కరాసుమా ఓయికే దగ్గర ఒక పాత చెక్క ఇంటికి మారాము. నిటారు మెట్లు అమ్మకు కష్టమైనా, రొక్కాకు వీధికి నడిచి వెళ్లే వీలున్నందున నాలుగు రాత్రులూ అక్కడే తీసుకోవలసింది.

ఆ వీధిలోని మియావాకి బైసెన్ఆన్ 1823లో మొదలైన విసనకర్రల దుకాణం. మెయిజీ కాలపు (1868–1912) క్యోటో చిత్రకారులు 48 మంది గీసిన విసనకర్ర చిత్రాలు దాని పైకప్పును అలంకరిస్తున్నాయి. అక్కడివారు తొందరపెట్టకుండా ఒక్కొక్కటే విప్పి చూపారు.

ధర ఎందుకంత ఉంటుందో పనితనం తెలిస్తే అర్థమవుతుంది. చిత్రకారుడు చదునైన కాగితం మీద బొమ్మ వేస్తాడు. మడతలు ఆ తరువాతే పడతాయి కనుక, పువ్వు ఏ మడతలో విరుగుతుందో అతడు ముందే ఊహించుకోవాలి. మడిచిన కాగితపు పొరల మధ్య సన్నని దారులు చేసి, నోటితో గాలి ఊది వాటిని తెరిచి, జిగురు రాసిన వెదురు పుల్లలను ఒక్కొక్కటిగా దూర్చుతారు. చివరి రెండు పుల్లలను వేడిచేసి లోపలికి వంచుతారు. మంచి విసనకర్ర మూసినప్పుడు బిగువుగా టక్కుమనేది అందువల్లనే. ఈ పుల్లలు ఎక్కువగా బివా సరస్సు పక్కనున్న తకాషిమా నుంచి వస్తాయి. ఇలా ఒక్క విసనకర్ర ఎన్నో చేతులు మారి తయారవుతుంది.

స్టేషను దగ్గరి ఒక పెద్ద బహుమతుల దుకాణంలో మాత్రం, బొమ్మ అచ్చువేసినదా, చేతితో వేసినదా అని అడిగితే స్పష్టమైన జవాబు రాలేదు. ఇతరులకు నా సలహా ఒక్కటే: జపాను భాషలో ‘తెగకి’, అంటే చేతిచిత్రం, అన్న మాట నేర్చుకుని వెళ్లి, అది తేలాకే డబ్బు తీయండి.

మూడో రోజు తోజి ఆలయానికి వెళ్లాము. అక్కడి వేయి చేతుల కన్నోన్ (కరుణకు ప్రతీకైన బోధిసత్త్వుడు) విగ్రహపు చేతి లోపల, ఒకప్పుడు, 877 నాటి రాత ఉన్న చెక్క విసనకర్ర దొరికింది. కాగితపు విసనకర్ర కంటే పాతదైన ఆ రకానికి మిగిలిన చాలా పాత నమూనాల్లో అదొకటి. గోజో వంతెన పడమటి చివర విసనకర్రల స్మారకశిల కూడా ఉంది. చిన్నదే, దాని కోసమే ప్రత్యేకంగా వెళ్లనక్కరలేదు.

చివరి రోజున అమ్మ శరత్కాలపు గడ్డిపూలు, వెండి చందమామ ఉన్నదాన్ని ఎంచుకుంది. చిన్నప్పుడు తాటాకు విసనకర్రతో నాకు విసిరిన చేయి అది. కొత్తదాన్ని విప్పడానికి మాత్రం ఎంతో జంకింది. వాడనప్పుడు మడతలు వదులు కాకుండా చుట్టూ ఉన్న కాగితపు పట్టీని మళ్లీ తొడగమని దుకాణంలో ఆవిడ రెండుసార్లు చేసి చూపించింది. ఆ పట్టీని అమ్మ ఇప్పటికీ పోగొట్టలేదు.