అనంతపురం వీధులకు బండల కాలువ మేలా, ఇంకుడు కాలువ మేలా?

అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అందులోనూ పెద్ద వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ఒకటి రెండు గంటల్లోనే కుండపోతగా కురిసి వెళ్లిపోతాయి. అందువల్ల కాలనీలో కొత్తగా కాలిబాట వేయాలనుకున్నప్పుడు నడవడానికి ఎంత చోటు కావాలన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ గంటలో పడిన నీరు ఎటు పోవాలో కూడా అప్పుడే నిర్ణయించుకోవాలి. ఇందుకు మూడు మార్గాలున్నాయి: సిమెంటు కాలువ కట్టి దానిపై కడప బండలు పరచడం, ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేయడం, కాలిబాట పక్కనే మొక్కలతో కూడిన ఇంకుడు కాలువ తవ్వడం.

బండల కాలువ మనకు బాగా అలవాటైన పద్ధతి. కాలువా, కాలిబాటా ఒకే చోట ఇమిడిపోతాయి కాబట్టి ఇరుకు వీధులకు సరిపోతుంది. బండలు పక్క జిల్లా నుంచే వస్తాయి, పరచడం తెలిసిన మేస్త్రీలు ప్రతి వీధిలో దొరుకుతారు. అయితే మా వీధి మలుపులో ఇటుకల ట్రాక్టరు చక్రం ఎక్కి ఒక బండ మూల విరిగిపోయింది. ఆ సందులో ఎవరో తుమ్మకొమ్మ గుచ్చి పెట్టారు. కొమ్మ ఎండి ఆకు రాలిపోయినా కొత్త బండ రాలేదు, చీకటి పడ్డాక పెద్దవాళ్లు అక్కడ రోడ్డు మీదికి దిగి నడుస్తున్నారు. కింద పేరుకున్న పూడిక తీయాలంటే ఇద్దరు మనుషులు గడ్డపారలతో ఒక్కొక్క బండనూ లేపాలి. ఆ శ్రమ వల్లనే పని ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. పూడిక నిండిన కాలువ మీద బండ ఉన్నా నీరు రోడ్డు మీదనే పారుతుంది.

టైల్స్ చూడటానికి ముచ్చటగా ఉంటాయి. వాటి సందుల్లోంచి నీరు ఇంకుతుందని చాలామంది నమ్ముతారు, కానీ కింద కాంక్రీటు పోసి, సందుల్లో రాతిపొడి కూరినప్పుడు ఇంకేది స్వల్పమే. నీరు ఇంకాలంటే సందులు వెడల్పుగా ఉండాలి, వాటిలో చిన్న కంకర నింపాలి, అడుగున కూడా కంకర పొరే ఉండాలి. మన గాలిలో ఎగిరే ఎర్రదుమ్ముకు ఆ సందులు పూడుకుపోతాయి కాబట్టి ఏటా శుభ్రం చేయక తప్పదు. నా దృష్టిలో మూడింటిలో ఇదే చివరిది.

ఇంకుడు కాలువ అంటే ఇళ్లలో తవ్వే ఇంకుడు గుంతను వీధి పొడవునా సాగదీసినట్టే. మీటరు వెడల్పున, మూడడుగుల లోతున తవ్వి, అడుగున 60 సెంటీమీటర్లు కంకర, దానిపై ఇసుక కలిపిన మట్టి వేసి, పైభాగాన్ని కాలిబాట కంటే కొద్దిగా పల్లంగా ఉంచుతారు. 200 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న వీధిలో 30 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చే నీరు 54,000 లీటర్లు. వేసవిలో మనం కొనుక్కునే 5,000 లీటర్ల ట్యాంకర్ల లెక్కన దాదాపు పదకొండు ట్యాంకర్లు. కంకర రాళ్ల మధ్య ఖాళీ మూడో వంతుకు కొంచెం పైనే ఉంటుంది కాబట్టి, గేట్ల దగ్గర కాలువ తెగిపోయే భాగాన్ని తీసేసినా, ఒక వైపు తవ్విన కాలువ ఆ నీటిలో సగానికి పైగా పట్టుకోగలదు. ఒక చెరువు పేరే ఊరి పేరుగా నిలిచిందని చెప్పుకునే మన పట్టణంలో ఆ నీరు వృథాగా వంకలో కలవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అమెరికాలోని సియాటిల్‌లో 2001లో పూర్తయిన ఒక వీధిలో రోడ్డును 14 అడుగులకు కుదించి, ఒక పక్క కాలిబాట, అంచుల్లో మొక్కల పల్లాలు ఏర్పాటు చేశారు. తొలి రెండేళ్ల కొలతల్లో వీధి నుంచి బయటికి పారే వాననీరు దాదాపు 99 శాతం తగ్గింది. ఆ అంకెను మాత్రం ఇక్కడికి ఆశించకూడదు. అక్కడ చినుకు నెలల తరబడి నెమ్మదిగా పడుతుంది. మనకు ఒక్కసారిగా పడుతుంది కాబట్టి, నిండిన తర్వాత పొర్లే నీటికి వేరే దారి తప్పక ఉండాలి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలను ముంచినట్టి వరదను ఏ ఇంకుడు కాలువా ఆపలేదు. మామూలు వానలకు వంక మీద పడే భారాన్ని అది తగ్గిస్తుంది, అంతే.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది, దాన్ని సడలించే వీలు లేదు. ఇంట్లో గిన్నెలు కడిగిన నీరు, బట్టలు ఉతికిన నీరు ఒక్క ఇంటి నుంచి కూడా ఇందులోకి రాకూడదు. వాననీరు రెండు రోజుల్లో ఇంకిపోతే దోమలు పెరగవు, రోజూ వచ్చే మురుగునీరు నిలిస్తే వారం పది రోజుల్లోనే పెరిగిపోతాయి. కాబట్టి మురుగుకు వేరే పైపు లేని వీధిలో ఇది చేయకపోవడమే మంచిది. మొక్కల్లో గరిక, వట్టివేరు, గన్నేరు ఎండకూ తట్టుకుంటాయి, నాలుగు రోజులు తడిలో ఉన్నా చావవు. నీడ కోసం కానుగ నాటవచ్చు. నడిచే భాగాన్ని మాత్రం మొక్కల కోసం తగ్గించరాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం అడ్డంకి లేని కాలిబాట కనీసం 1.8 మీటర్లు ఉండాలి, దాని గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు.

అందువల్ల అంగళ్లున్న వీధులకూ, ఇరుకు సందులకూ బండల కాలువనే ఉంచి, పూడిక తీయడానికి వీలుగా అక్కడక్కడ కొక్కెం ఉన్న చిన్న బండలు పెట్టమంటాను. 30 అడుగులు, అంతకంటే వెడల్పున్న ఎర్రనేల కాలనీ వీధులకు ఇంకుడు కాలువే మేలు. నల్లరేగడి నేల నీటిని త్వరగా పీల్చుకోదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అలాంటి చోట ఇంటి పునాదులకు దూరంగా తవ్వి, కంకర అడుగున చిల్లుల పైపు వేయాలి. ఏ నేలో అనుమానముంటే పని మొదలుపెట్టే ముందే రెండడుగుల గుంత తవ్వి, ముందొకసారి నీళ్లు పోసి నేల నాననిచ్చి, మళ్లీ సాయంత్రం నిండుగా పోయండి. తెల్లవారేసరికి గుంత అడుగుభాగం కనిపిస్తే అక్కడ ఇంకుడు కాలువ తవ్వవచ్చు.