నాలుగేళ్లుగా ఫ్యాబ్రిక్ గ్రో బ్యాగ్‌లో బ్లూబెర్రీ: అంచున పేరుకున్న ఆ తెల్ల పొర

డాలస్ నల్లరేగడిలో బ్లూబెర్రీ బతకదు. అందుకే 15 గ్యాలన్ల గుడ్డ బ్యాగులు, ఒకదాంట్లో టిఫ్‌బ్లూ రకం బ్లూబెర్రీ, పక్కదాంట్లో క్లైమాక్స్ రకం. సగం పీట్ మాస్ (చిత్తడి నేలల్లోంచి తీసిన కుళ్లిన నాచు), సగం పైన్ బెరడు. నీరు నిలవదు, వేరు కుళ్లదు. మొదటి రెండేళ్లూ ఎవరడిగినా ఇవే కొనమన్నాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

మూడో ఏడు జూలైలో కొత్త చిగుళ్లు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఐరన్ అందడం లేదన్నమాట. మట్టి ఆమ్లంగా మారాలని గంధకం వేసినా నెలల తరబడి మార్పు లేదు. బ్యాగ్ బయటి అంచున గోటితో గీస్తే తెల్లగా సున్నంలా రాలింది. అక్కడ దొరికింది అసలు కారణం. మా కుళాయి నీటి పీహెచ్ 8 పైనే, నిండా బైకార్బనేట్ (ఆమ్లాన్ని విరిచేసే లవణం). గుడ్డ చుట్టూరా ఆరిపోతుంది కాబట్టి వేసవిలో రోజూ నీళ్లు పోయాల్సిందే, పోసినప్పుడల్లా చెట్టుకి సున్నం వేసినట్టే. గంధకాన్ని ఆమ్లంగా మార్చడానికి బ్యాక్టీరియాకి నెలలు కావాలి, బైకార్బనేట్ మాత్రం రోజూ వచ్చి పడుతుంది. అడుగున కారిన నీళ్లు పట్టి చూస్తే పీహెచ్ 7కి దగ్గర. ఉండాల్సింది 4.5 నుంచి 5.5.

చెట్టుని నిలబెట్టింది వంటింటి నిమ్మ ఉప్పే (సిట్రిక్ యాసిడ్). 5 గ్యాలన్ల బకెట్‌కి ముప్పావు టీస్పూన్ కలిపి, పీహెచ్ పరీక్షించే చుక్కలతో 5–5.5 వచ్చిందని చూశాకే పోయాలి. నీటిని బట్టి కొలత మారుతుంది, కాబట్టి ఆ చుక్కలు లేకుండా మొదలుపెట్టొద్దు. వాన నీళ్లకైతే ఏమీ కలపక్కర్లేదు. ఎరువు అమ్మోనియం సల్ఫేట్ ఒక్కటే, నైట్రేట్ రకాలు పడవు. ఈలోగా ఐరన్ కీలేట్ (చెట్టు తీసుకోగలిగే రూపంలోని ఐరన్) వేయాలంటే ఈడీడీహెచ్ఏ రకమే కొనండి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే దండగ. ఆరు వారాల్లో చిగుళ్లు పచ్చగా వచ్చాయి. ముదిరిన పసుపు ఆకులు మాత్రం తేరుకోలేదు.

ఇంకో చిక్కు: ఆగస్టులో ఒక్కరోజు మరిచినా పీట్ ఎండి గుడ్డ నుంచి విడిపోతుంది. అప్పుడు పోసిన నీరంతా ఆ సందులోంచే జారిపోయి వేరు పొడిగానే ఉంటుంది. సన్నటి ధారగా అరగంట పెట్టాలి. పైన మూడంగుళాల పైన్ బెరడు పరిస్తే ఈ బాధ బాగా తగ్గుతుంది.

ఇంటిపట్టున ఉండేవాళ్లకి, వాన నీళ్లు పట్టే డ్రమ్ము ఉన్నవాళ్లకి ఈ బ్యాగులు ఇప్పటికీ మంచివే. వేసవిలో ఊళ్లు తిరిగేవాళ్లకి చెప్పను. మా ఇంట్లో క్లైమాక్స్‌ని ఈ చలికాలం 20 గ్యాలన్ల ప్లాస్టిక్ కుండీలోకి మారుస్తున్నాను, టిఫ్‌బ్లూ మాత్రం బ్యాగులోనే ఉంటుంది.