కొన్న ధరకా, బజారు ధరకా: సహకార దుకాణానికి ఏది మేలు?

పచారీ సరుకులు పదిమందీ కలిసి కొనుక్కోవాలని మహానగరాల్లో తొలినాళ్లలో జరిగిన ప్రయత్నాలను చూస్తే రెండు పద్ధతులు స్పష్టంగా కనిపిస్తాయి. లండన్‌లో 1860ల నడుమ తపాలా శాఖ గుమాస్తాలు కొందరు ఒక పెట్టె తేయాకును టోకు ధరకు కొని పంచుకున్నారు. ఆ పంపకమే సివిల్ సర్వీస్ సప్లయి అసోసియేషన్‌గా ఎదిగింది. కొన్న ధరకు నిర్వహణ ఖర్చు మాత్రం కలిపి అమ్మడం దాని పద్ధతి. రెండోది 1844లో ఇంగ్లండులోనే రాచ్‌డేల్ అనే మిల్లుల ఊరిలో 28 మంది వేసిన బాట. అక్కడ బజారు ధరకే, నగదుకే అమ్మి, మిగిలిన లాభాన్ని ఎవరెంత కొన్నారో ఆ లెక్కన వారికే తిరిగి పంచేవారు. మద్రాసులో 1904 ఏప్రిల్‌లో 14 మంది సభ్యులతో మొదలైన ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ ఈ రెండో పద్ధతినే ఎంచుకుంది.

కొనేవాడికి వెంటనే ఇంపుగా తోచేది మొదటిదే. చవక ఆ పూటే చేతికి అందుతుంది, సంవత్సరాంతం దాకా ఆగనక్కరలేదు. అయితే ధర తగ్గించడమే ఆకర్షణ అయినచోట చుట్టుపక్కల వర్తకుల పగ తప్పదు. ప్రభుత్వ జీతం తీసుకుంటూ వ్యాపారం చేస్తున్నారని లండన్ వర్తకులు చేసిన గొడవ ఎంత దూరం వెళ్లిందంటే, 1879లో పార్లమెంటు ఈ దుకాణాలపై విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. అంతకన్నా లోతైన లోపం మరొకటి ఉంది. సరుకు కొనేవాడికి మిగులులో హక్కు లేకపోతే, చేరిన సొమ్ము చివరికి వాటాదారుల సొత్తవుతుంది. లండన్ గుమాస్తాల అసోసియేషన్ 1927లో మామూలు కంపెనీగా మారిపోవడం నాకు వింతగా తోచదు.

రాచ్‌డేల్ పద్ధతిలో డివిడెండు, అంటే తిరిగి పంచే లాభం, ఆలస్యంగా వస్తుంది, నిజమే. కానీ సభ్యుడు ఎంత కొంటే అంత రాబడి కనుక అతను వేరే అంగడి గడప తొక్కడు. పంచకుండా ఉంచిన భాగం నిల్వనిధి అవుతుంది, ధరలు ఎగుడుదిగుడైన ఏడాది దుకాణాన్ని కాపాడుతుంది. నిలబడే సంఘం కావాలంటే ఇదే మేలని నా అభిప్రాయం. అయితే నెలజీతం చేతికందే గుమాస్తాలూ ఉపాధ్యాయులూ ఉన్న పేటలోనే అది సులువు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకుని, పని దొరకని రోజు శెట్టిగారి ఖాతాలో అరువు రాయించుకునే ఇంటికి, నగదు లేనిదే సరుకివ్వని దుకాణం ఏ ధరకు అమ్మినా ఒకటే.