చెన్నై వానల్లో మూడంతస్తుల రైలు: ఎండీఎఫ్ అంచు మీద నా కోపం

మోడల్ రైలు పట్టా కింద వేసిన ఎండీఎఫ్ (కలప పీచు పలక) అంచు మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. పైభాగం గురించి ఒక్క మాట అనను. నున్నగా, వంకర లేకుండా, పట్టా పరచడానికి అంత హాయైన పలక ఇంకోటి లేదు. బాధంతా అంచుతోనే.

మాది పెరంబూరులో మేడ మీది గది. గోడల వెంబడి హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు) లేఅవుట్, మూడంతస్తులు. కింద 12 మి.మీ. బీడబ్ల్యూఆర్ (నీళ్లను తట్టుకునే రకం) ప్లైవుడ్, పైన 12 మి.మీ. ఎండీఎఫ్. మధ్య అంతస్తులో చిన్న బ్రాంచి లైనుకు కిచెన్ కప్‌బోర్డులకు వాడే పీవీసీ ఫోమ్ బోర్డు వేశాను. అన్నిటినీ కలుపుతూ గుండ్రంగా చుట్లు తిరిగి పైకెక్కే హెలిక్స్‌కు 9 మి.మీ. ప్లైవుడ్. కొన్నేళ్లుగా ఇవన్నీ ఒకే గదిలో, ఒకే ఉక్కపోతలో ఉన్నాయి కాబట్టి పోల్చి చెప్పగలను.

2023 డిసెంబర్ మొదటి వారం. మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపే చెన్నైని ముంచేసింది. మా వీధిలో కరెంటు లేదు, ఏసీ లేదు, కిటికీలన్నీ బిగించేశాం. కిటికీ ఫ్రేము సందులోంచి కారిన నీళ్లు గోడ వెంట జారి పై అంతస్తు వెనక అంచును తడిపాయి. గుడ్డతో తుడిచేశాను. కరెంటు వచ్చాక రైలు నడిపితే ఇంజిన్ హెలిక్స్ ఎక్కి బాగానే పైకి చేరింది. వెనకాల బోగీ మాత్రం పై అంతస్తు మొదలయ్యే చోట పట్టా తప్పింది. ఎత్తి పెట్టి మళ్లీ నడిపినా అక్కడే పడింది. చక్రాల మధ్య దూరం కొలిచాను, కప్లింగ్ మార్చాను, పట్టా ముక్కలను కలిపే ఫిష్‌ప్లేటు తీసి కొత్తది వేశాను. లాభం లేదు.

అసలు సంగతి స్టీలు స్కేలుతో బయటపడింది. స్కేలును హెలిక్స్ ప్లైవుడ్, ఎండీఎఫ్ కలిసే అతుకు మీద నిలబెట్టి వెనక టార్చి వేస్తే, ప్లైవుడ్ వైపు స్కేలు కిందనుంచి సన్నగా వెలుతురు కనిపించింది. వెర్నియర్‌తో కొలిస్తే ఎండీఎఫ్ అంచు మందం 13.5 మి.మీ. దాటింది. హెచ్‌ఓ చక్రానికి పట్టా లోపలికి దిగే అంచు లోతే మిల్లీమీటరు లోపు ఉంటుంది. దానికి ఇంత మెట్టు అడ్డం వస్తే ఎలా? ఇంజిన్ తన బరువుతో నెట్టుకుని దాటిపోతోంది, తేలికపాటి బోగీ ఎగిరి పడుతోంది. అడుగున చెయ్యి పెట్టి తడిమి చూశాను. అంచు పొరలుగా విచ్చుకుంది. గోరు తగిలిస్తే టీలో ముంచిన రస్కులా రాలింది.

షీటు కోసి ఇచ్చిన షాపులో అన్ని అంచులకూ సీలర్ పట్టించి ఇస్తామన్నారు. తీరా చూస్తే బయటికి కనిపించే ముందు అంచుకు మాత్రమే వేశారు. గోడ వైపు, హెలిక్స్ వైపు పచ్చిగా వదిలేశారు. వెళ్లి అడిగితే, "గోడకు ఆనే వైపే కదా సార్, ఎవరికి కనబడుతుంది?" అన్నాడు అక్కడి కుర్రాడు. కనబడటం కాదు, నీళ్లు తాగడం కదా సంగతి! ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మార్చి ఎండలకు ఆరి సర్దుకుంటుందని ఎదురుచూశాను. ఆరింది, కానీ తగ్గలేదు. ఎండీఎఫ్ అంటే కలప పీచును జిగురుతో, వేడితో అణిచి చేసిన పలక. నీళ్లు తగిలి ఆ పీచు ఒకసారి విప్పారితే మళ్లీ అణగదు. ప్లైవుడ్ కూడా వానల్లో కాస్త ఉబ్బుతుంది గానీ, ఎండలు రాగానే దాదాపు పాత మందానికి వచ్చేస్తుంది. చివరికి అతుకు దగ్గర అర అడుగు ఎండీఎఫ్ కోసేసి ప్లైవుడ్ ముక్క పెట్టాను. కిందనుంచి రెండింటికీ కలిపి ఒక పట్టీ వేసి స్క్రూలు బిగించాను. మిగతా పచ్చి అంచులన్నిటికీ రెండు కోటింగ్‌ల ఎనామెల్ పెయింటు వేశాను. తర్వాతి వానాకాలంలో అవి ఉబ్బలేదు, అది కూడా చెప్పాలి.

హెలిక్స్‌కు 9 మి.మీ. ప్లైవుడే ఎందుకంటే, అక్కడ మందం ఎంత పెరిగితే ఎత్తు అంత పోతుంది. నాది 24 అంగుళాల వ్యాసార్ధం, 2 శాతం ఎక్కుడు. ఒక చుట్టుకు లేచేది 77 మి.మీ. లోపే. అందులో పలకకు 9, పట్టా కింద పరిచే కార్కుకు 3, స్లీపర్లతో కలిపి పట్టాకు 5 పోతే మిగిలేది 60. ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం ప్రయాణికుల) బోగీ అసలు ఎత్తు 4039 మి.మీ., అంటే ఈ స్కేలులో 46. ఇంజిన్ ఇంకాస్త ఎత్తు. 18 మి.మీ. పలక వేస్తే ఇంజిన్ నెత్తిన మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగులుతాయి. లోపల బోగీ పడితే తియ్యడానికి వేలు కూడా దూరదు. ఆ 9 మి.మీ. రింగులు తుఫానులో కూడా చెక్కుచెదరలేదు. ప్రతి పలక కింద దగ్గర దగ్గరగా ఊతం ఉంది కాబట్టి కుంగలేదు కూడా. అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని ప్లైవుడ్ వేసుకోమని చెబుతూ వచ్చాను.

ఇప్పుడు దానికి ఒక షరతు కలుపుతున్నాను. ప్లైవుడ్ మోగుతుంది. కార్కు వేసినప్పుడు చప్పుడు బాగా తగ్గింది. కానీ కింది అంతస్తు స్టేషన్లో కంకర పోసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో బిగించగానే ఆ గుమ్మనే మోత తిరిగొచ్చింది. గట్టిపడిన కంకర కార్కు పక్కలనుంచి పలకకు అతుక్కుపోయి, చప్పుడును నేరుగా కిందికి దింపుతుంది. కింది ఇంట్లో వాళ్లు పడుకున్నాక నేను నడపగలిగేది ఎండీఎఫ్ మీదున్న పై అంతస్తు రైలు ఒక్కటే. బరువైన, చిక్కటి పలక కాబట్టి చప్పుడు అందులోనే అణిగిపోతుంది. ఎంత కోపమున్నా ఆ అంతస్తును పూర్తిగా పీకెయ్యలేకపోవడానికి కారణం ఇదే.

పీవీసీ ఫోమ్ బోర్డు నీళ్లకు అసలు చలించలేదు. తుఫాను తర్వాత దాన్ని చూస్తే ముచ్చటేసింది. కానీ మే నెలలో మా మేడగదిలో దాని కథ వేరు. వేడికి నికెల్ సిల్వర్ లోహపు పట్టా కంటే ఇది మూడు రెట్లకు పైగా సాగుతుంది. ఎనిమిదడుగుల పలకకు 10 డిగ్రీల తేడా వస్తే మిల్లీమీటరుకు పైనే. అందుకే పట్టాను అక్కడక్కడా వదులుగా ఉంచాల్సి వచ్చింది. వైర్లు సోల్డరు చేసేటప్పుడు ఐరన్ తగిలితే కరుగుతుంది. స్క్రూ ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే పట్టు ఉండదు.

నా మాట మా ఇంటికి సరిపోయే మాట. సొంత ఇల్లు, మేడ మీది గది, సముద్రపు గాలి, రోజూ ఏసీ వెయ్యని అలవాటు. ఇవన్నీ ఉన్నచోట హెలిక్స్‌కూ అతుకులున్న ప్రతిచోటా బీడబ్ల్యూఆర్ ప్లైవుడే వేస్తాను. బెంగళూరులో ఉన్న మా తమ్ముడి లేఅవుట్ మొత్తం ఎండీఎఫ్ మీదే నడుస్తోంది, ఇంతవరకూ ఒక్క అతుకు లేవలేదు. వాడికి ప్లైవుడ్‌కు మారమని నేను చెప్పను. కిటికీ వైపు అంచుకు మాత్రం పెయింటు వెయ్యమన్నాను.