బ్లెండర్ సైకిల్స్‌లో జంతువుల బొచ్చు: ఏళ్ల తరబడి వాడాక

2019లో త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 2.80తో పాటు, వెంట్రుకల మీద కాంతి ఎలా కనిపించాలో లెక్కగట్టే ప్రిన్సిపుల్డ్ హెయిర్ షేడర్ వచ్చింది. అప్పటి నుంచి జంతువుల షాట్లన్నిటికీ సైకిల్స్‌లో (బ్లెండర్‌లో దృశ్యాన్ని లెక్కగట్టి చిత్రంగా మార్చే, అంటే రెండర్ చేసే ఇంజిన్) దాన్నే వాడుతున్నాను. ఎక్కువగా పిల్లల పాఠాల వీడియోలు, అప్పుడప్పుడు యాడ్లు. వాటిలో నాతో బాగా పని చేయించినవి రెండే: ఎలుగుబంటి, ఒంగోలు గిత్త. ఎలుగుబంటిది పొడుగ్గా చిందరవందరగా ఉండే నల్ల బొచ్చు. గిత్తది ఒంటికి అతుక్కుని ఉండే పొట్టి తెల్ల వెంట్రుక. ఈ రెండూ నమ్మేలా వస్తే కుక్క, మేక, కుందేలు పెద్ద కష్టం కాదు.

కొత్తగా ఫర్ (బొచ్చు) చేసేవాళ్లు మెరుపు వెంట పడతారు. రఫ్‌నెస్ (గరుకుదనం) తగ్గించి, తళతళలాడించి చూస్తారు. నా అనుభవంలో మాత్రం బొచ్చును బొచ్చుగా నిలబెట్టేది నీడే. పై వెంట్రుక కింది వెంట్రుక మీద వేసే నీడ, కుచ్చుల మధ్య లోతుకు దిగే చీకటి, ఈ రెండూ లేకపోతే ఎంత ఖరీదైన మోడలైనా బొమ్మలాగే ఉంటుంది. సైకిల్స్‌ను నేను వదలకపోవడానికి అసలు కారణం అదే. ఇది కాంతి కిరణాల దారిని వెంబడించి లెక్కవేసే పాత్ ట్రేసర్ కాబట్టి వెంట్రుకల నీడల కోసం విడిగా ఏ ఏర్పాటూ చేయక్కర్లేదు.

పాత పద్ధతులు తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. 1989లో కాజియా, కే ఇద్దరూ టెడ్డీబేర్ బొమ్మతో ఫర్ రెండరింగ్‌కు దారి చూపారు. మామూలు షాడో మ్యాప్‌లో (లైటు వైపు నుంచి లోతు కొలిచి నీడలు గుర్తించే పటం) ఒక చుక్కకు ఒకే లోతు ఉంటుంది. కాంతిని కొంచెం కొంచెంగా ఆపే సన్నటి వెంట్రుకలకు అది చాలదు. అందుకే 2000లో పిక్సార్ నుంచి లోకోవిక్, వీచ్ డీప్ షాడో మ్యాప్స్ తెచ్చారు. లోతుకు వెళ్లేకొద్దీ కాంతి ఎంత మిగిలిందో అందులో దాచుకుంటారు. బ్లెండర్‌లో ఒకప్పుడు ఉన్న ఇంటర్నల్ రెండరర్‌లో కూడా స్పాట్ లైటుకు ఇలాంటి డీప్ బఫర్ ఉండేది. బయాస్ (నీడను కాస్త జరిపే సెట్టింగ్) ఒక అంకె మారిస్తే నీడ వెంట్రుక నుంచి విడిపోయేది, ఇంకో అంకె మారిస్తే మచ్చలు వచ్చేవి. ఆ టెన్షన్ ఇప్పుడు లేదు.

ఇక గిత్త సంగతి. తెల్ల బొచ్చులో కాంతి అంత తొందరగా ఆరిపోదు. ఒక వెంట్రుక పైనుంచి కొంత తిరిగివస్తుంది, కొంత లోపలి నుంచి దూసుకెళ్లి అవతలి వెంట్రుకను తాకుతుంది, కొంత లోపల ఒకసారి తిరిగి బయటికి వస్తుంది. 2003లో మార్ష్నర్ బృందం మనిషి వెంట్రుక మీద విడదీసి చూపించింది ఈ మూడు దారులనే. నల్ల వెంట్రుకలో మెలనిన్ అనే రంగు పదార్థం కాంతిని మింగేస్తుంది. తెల్లదాంట్లో మింగేదేమీ లేదు కనుక కాంతి పదుల వెంట్రుకలు దాటుతుంది. సైకిల్స్‌లో మొత్తం బౌన్స్‌లు (కాంతి ఎన్నిసార్లు తగిలి ముందుకెళ్లొచ్చో చెప్పే పరిమితి) మొదట 12 మాత్రమే ఉంటాయి, గ్లాసీ (మెరుపు ప్రతిఫలనాలవి) అయితే 4. అలాగే వదిలేస్తే గిత్త తెల్లగా రాదు, మాసిన బట్ట రంగులో వస్తుంది. టోటల్, గ్లాసీ, ట్రాన్స్‌మిషన్ (లోపలి నుంచి దూసుకెళ్లే కాంతివి) మూడూ 30 దాకా పెంచుతాను. ఇండైరెక్ట్ క్లాంప్ (తగిలి వచ్చే కాంతి మరీ ఎక్కువైతే కోసేసే పరిమితి) మొదట 10 ఉంటుంది, తెల్ల బొచ్చు లోపలి వెలుగును అదీ కొంత కోసేస్తుంది కాబట్టి దాన్నీ పెంచుతాను. రెండర్ టైమ్ బాగా పెరుగుతుంది. అయినా ఇందులో రాజీ పడను, ఎందుకంటే లైట్ల పవర్ పెంచి ఆ తెలుపు తెద్దామంటే ఎండ పడే వీపు మరీ వెలిగి కాలిపోయినట్టవుతుంది, పొట్ట కింద మాత్రం మురికిగానే ఉంటుంది.

గిత్త విషయంలో మరొకటి చూసుకోవాలి. పైన వెంట్రుక తెల్లగా ఉన్నా ఒంగోలు పశువుల చర్మం నల్లగా ఉంటుంది. కింద చర్మానికి తెలుపు వేసి, పైన తెల్ల వెంట్రుక పెడితే గంగడోలు మడతల్లో నీడ పలచబడి ప్లాస్టర్ బొమ్మలా కనిపిస్తుంది. చర్మానికి ముదురు బూడిద రంగు వేయగానే, వెంట్రుక పలచగా ఉన్న చోట చల్లటి నీలి బూడిద ఛాయ తనంతట తానే వస్తుంది. ఎదిగిన గిత్తకు తల, మెడ, మోపురం మీద ఉండే ముదురు ఛాయ కోసం అక్కడ షేడర్‌లో మెలనిన్ విలువ కొద్దిగా పెంచితే చాలు. జంతువును దగ్గరగా గమనించిన ఫలితం రెండర్‌లో ఇంత నేరుగా కనిపించడం నాకు ఎప్పుడూ సంతోషమే.

ఎలుగుబంటికి లెక్క తిరగబడుతుంది. బౌన్స్‌లు తక్కువే చాలు, కాంతి త్వరగా చస్తుంది. కష్టమంతా లైట్లు పెట్టడంలో ఉంది. ఎదురుగా కీ లైట్ (ప్రధాన లైటు) పెడితే నల్లటి ముద్ద తప్ప ఏమీ కనబడదు. పక్కన కాస్త వెనగ్గా ఒక పెద్ద ఏరియా లైట్, అవతలి వైపు వెనక నుంచి సన్నటి రిమ్ (అంచును వెలిగించే లైటు) పెడితే భుజాల దగ్గరి కుచ్చులు విడివిడిగా లేస్తాయి. లైట్ సైజు తగ్గించేకొద్దీ నీడలు గీతలు గీతలుగా పడి, కదిలేటప్పుడు మిణుకుమిణుకుమంటాయి. మెలనిన్‌ను పూర్తిగా 1కి తీసుకెళ్లను. 0.9 దగ్గర ఆపితే వెనక వెలుతురు తగిలిన కొసల్లో ముదురు గోధుమ రంగు తొంగిచూస్తుంది. పాలిపోయిన మూతికి, ఛాతీ మీది తెల్ల గుర్తుకు మాత్రం మళ్లీ బౌన్స్‌లు కావాలి. కాబట్టి ఆ షాట్లకు గిత్త సెట్టింగులే పెడతాను.

వ్యూపోర్ట్‌లో (పని చేస్తూ చూసే కిటికీ) తక్కువ వెంట్రుకలతో చూసి లైటింగ్ ఓకే చేయడం మంచిది కాదు. అక్కడ బొచ్చు పలచగా ఉంటుంది, కాంతి చర్మం దాకా దిగిపోతుంది. ఫైనల్‌లో వెంట్రుకలన్నీ వచ్చాక అదే లైటింగ్ చీకటి పడుతుంది. వెంట్రుకలు తగ్గించి, లావు పెంచితే మొత్తం వెలుగు దగ్గరికొస్తుంది కానీ నీడ గరుకుగా ఉంటుంది. నేనైతే భుజం దగ్గర చిన్న చదరపు భాగం ఎంచుకుని, అక్కడ మాత్రం పూర్తి సంఖ్యతో రెండర్ చేసి లైట్లు ఖాయం చేస్తాను.

ఈ షేడర్‌లో నాకు నిజంగా వెలితి అనిపించేది ఒకటుంది. ఇది మనిషి వెంట్రుక మీద జరిగిన పరిశోధన నుంచి ఎదిగిన మోడల్. జంతువుల వెంట్రుక మధ్యలో మెడుల్లా అనే గుజ్జు భాగం చాలా లావుగా ఉంటుంది, అది కాంతిని లోపలే చెదరగొడుతుంది. 2015లో దీని మీద మంచి పరిశోధన వచ్చినా ఈ షేడర్‌లో దానికి చోటు లేదు. అందుకే కుందేలు లాంటి మెత్తటి బొచ్చు కాస్త గాజుపోగులా మెరుస్తుంది. రఫ్‌నెస్, రేడియల్ రఫ్‌నెస్ రెండూ మొదట ఉండే 0.3 నుంచి 0.5 పైకి తీసుకెళ్తే చాలావరకు సర్దుకుంటుంది. 2023లో బ్లెండర్ 4.0తో ఇదే షేడర్‌లో ఇంకో ఎంపికగా వచ్చిన హువాంగ్ మోడల్ నాకు ఇక్కడ బాగా ఉపయోగపడింది. అందులో పై ప్రతిఫలనం, లోపలి నుంచి దూసుకెళ్లే కాంతి, లోపల తిరిగొచ్చే కాంతి మూడింటికీ వేర్వేరు స్లైడర్లు ఉన్నాయి. వెనక లైటు మరీ గాజులా మండుతుంటే రెండోది ఒక్కటే తగ్గిస్తాను.

డీనాయిజర్ (రెండర్‌లో మిగిలే చుక్కల్లాంటి నాయిస్‌ను తుడిచే సాధనం) గురించి: సాంపుల్స్ (ఒక్కో చుక్కకు లెక్కవేసే కిరణాలు) బాగా తక్కువైతే సన్నటి నీడలను తుడిచేసి బొచ్చును దుప్పటిలా చేస్తుంది. ముందు సాంపుల్స్ పెంచి, మిగిలిన కాస్త నాయిస్ మాత్రమే దానికి వదలాలి. గ్రాఫిక్స్ కార్డు మెమరీ కూడా ముఖ్యమే, లక్షల వెంట్రుకలు దాన్ని తొందరగా నింపేస్తాయి. దూరపు షాట్లకు కర్వ్ షేప్ (వెంట్రుకను గీసే ఆకారం) రౌండెడ్ రిబ్బన్స్, అంటే చదును పట్టీలు, చాలు, ముఖం దగ్గరి షాట్లకే త్రీడీ కర్వ్స్.

బ్లెండర్‌లోని వేగమైన రెండరర్ ఈవీని 2024లో 4.2తో కొత్తగా కట్టారు, నీడలు బాగా మెరుగయ్యాయి. కానీ వెంట్రుక నుంచి వెంట్రుకకు పాకే కాంతి అందులో లెక్కకు రాదు. ఎలుగుబంటి లేఅవుట్‌కు నిశ్చింతగా వాడతాను, తెల్ల గిత్తకు అస్సలు వాడను. డబ్బు పెట్టనక్కర్లేని సాఫ్ట్‌వేర్‌తో ఒంటరిగా ఫర్ పని చేసేవాళ్లకు సైకిల్స్‌నే ధైర్యంగా చెప్తాను, రెండర్‌కు రాత్రంతా మెషీన్ వదిలేసే వీలుంటే. రేపటికల్లా కావాలనే క్లయింటు ఉంటే మాత్రం తెల్ల జంతువు ఒప్పుకునే ముందు ఒక ఫ్రేమ్ పూర్తి బౌన్స్‌లతో రెండర్ చేసి టైమ్ చూసుకోండి.