ఫ్లాష్ కాలు విరిగిన రోజు: రింగ్ అడాప్టర్‌తో నాలుగేళ్లు

నాలుగేళ్ల నుంచి వాడుతున్న రింగ్ ఫ్లాష్ అడాప్టర్ మీద నా కోపమంతా ఒక్క విషయం దగ్గరే ఉంది. బరువు. నిజానికి అడాప్టర్ అరకిలో కూడా తూగదు. నా కోపం ఆ బరువు వేలాడే చోటు మీద. కెమెరా నెత్తిన ఫ్లాష్, ఫ్లాష్ తలకి తొడిగిన ప్లాస్టిక్ పెట్టె, అక్కడి నుంచి ముందుకు వంగి లెన్సు చుట్టూ తిరిగిన చక్రం. ఇంత సంసారాన్నీ మోసేది ఫ్లాష్ అడుగున హాట్ షూలోకి, అంటే కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే గాడిలోకి, జారే కాలు. రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ ముక్క. అది విరిగేదాకా దాని వైపు ఒక్కసారి కూడా పరీక్షగా చూడలేదు నేను.

ఈ అడాప్టర్‌లో బ్యాటరీ, బల్బు ఉండవని, ఫ్లాష్ వెలుగునే లోపలి గొట్టాల్లో తిప్పి లెన్సు చుట్టూ వదులుతుందని ఇది చదివేవాళ్లకి తెలిసే ఉంటుంది. నాది పైనుంచి ఫ్లాష్‌కి తొడిగే రకం. ఫ్లాష్‌ని కెమెరా నుంచి విడదీసి కింది నుంచి దూర్చే రకం కూడా ఉంది. కొనేటప్పుడు ఆ రెంటికీ పెద్ద తేడా ఏముంటుందిలే అనుకున్నాను. తేడా అంతా అక్కడే ఉంది.

మొదటి ఏడాది దీన్ని పొగడని రోజు లేదు. మేకప్ చేసే స్నేహితురాలికి తన పని చూపించే ఫొటోలు కావాలి. లైట్లు, వాటి గొడుగులు, స్టాండ్లు పెట్టడానికి తన గదిలో చోటు లేదు. ఈ చక్రం తగిలించుకుని ఎదురుగా నిలబడితే చాలు, కనురెప్ప మీద వేసిన రంగు ఏ మూల ఎంత పలచబడిందో కూడా కనిపించేది. ముక్కు పక్క నీడ లేదు, గడ్డం కింద నీడ లేదు. 1952లో లెస్టర్ డైన్ అనే ఆయన రింగ్ ఫ్లాష్‌ని తయారుచేసింది పళ్ల ఫొటోల కోసమట. నోటి లోపల మూలమూలకీ వెలుగు పోవాలని పుట్టిన వస్తువు మనిషి ముఖాన్ని చదును చేస్తుందంటే ఆశ్చర్యం లేదు. కంటిపాపలో గుండ్రంగా మెరిసే ఆ చిన్న రింగు కోసమే కొన్నాళ్లు ఫొటోలు తీశాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "నీడలే పడవు, కొనేయండి" అని చెప్పాను. ఆ మాట పూర్తిగా నిజం కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ రోజు ఆరుగురి ముఖాలు తీయాలి. అన్నీ నిలువు ఫ్రేములే. నలుగురివి బాగానే వచ్చాయి. ఐదో అమ్మాయికి రెండు ఫ్రేములు సరిగ్గా పడ్డాయి, మూడోది తెల్ల కాగితం. ముఖం లేదు, రెండు కళ్లు, పెదాలు మాత్రం తేలుతున్నాయి. టీటీఎల్‌లో, అంటే ఫ్లాష్ ఎంత వెలగాలో కెమెరానే లెక్కేసి చెప్పే పద్ధతిలో, ఉన్నాను కాబట్టి అప్పుడప్పుడూ లెక్క తప్పడం మామూలే అనుకుని ఫ్లాష్ కాంపెన్సేషన్ ఒక స్టాప్ తగ్గించాను, అంటే వెలుగు సగం చేయమన్నాను. తర్వాతిది చీకటిగా వచ్చింది. దాని తర్వాతది మళ్లీ తెల్ల కాగితం. బ్యాటరీలు నాలుగూ మార్చాను. కాలికీ షూకీ ఉండే లోహపు చుక్కల్ని, అంటే కాంటాక్టుల్ని, చొక్కా అంచుతో తుడిచాను. అదే వరస. కుర్చీలో కూర్చున్న అమ్మాయి ప్రతి ఫ్లాష్‌కీ ఉలిక్కిపడుతోంది. స్నేహితురాలు పౌడర్ బ్రష్ పట్టుకుని "ఇంకా ఎంతసేపు?" అని చూపుతోనే అడుగుతోంది. టెన్షన్‌లో బుర్ర పనిచేయలేదు.

సరే, తప్పు అడాప్టర్‌దా ఫ్లాష్‌దా తేల్చుకుందామని అడాప్టర్ ఊడదీసి ఉత్త ఫ్లాష్‌తో కొట్టాను. పది ఫ్రేములు, పదీ సరిగ్గా వచ్చాయి. ఇంకేం, దొంగ దొరికాడు. లోపల ఏదో అద్దపు రేకు ఊడిపోయి ఉంటుందని, కంపెనీవాడు చవక సరుకు అంటగట్టాడని మనసులో తిట్టుకుంటూ మళ్లీ తొడిగాను. అడ్డంగా పట్టుకుని తీస్తే బాగుంది. నిలువుగా తిప్పితే తెలుపు. అడ్డంగా బాగుంది, నిలువుగా తెలుపు. మూడుసార్లు ఇలా తిప్పాక గానీ తల వంచి పక్క నుంచి చూడాలన్న తెలివి రాలేదు. నిలువుగా పట్టుకున్నప్పుడు ఫ్లాష్ మొత్తం ఒక పక్కకి ఒరిగి ఉంది. రెండో పక్క కాలికీ షూకీ మధ్య కాగితం దూరేంత సందు.

ఆ సందు చూస్తూ ఉండగానే టక్‌మని శబ్దం వచ్చింది. ఫ్లాష్ ఊడిపోయింది. కాలి ముందు ముక్క షూలోనే ఉండిపోయింది. నేల మీద పడి ముక్కలైపోవాల్సిన ఫ్లాష్, చక్రం లెన్సుకి తగులుకుని అక్కడే వేలాడింది. అంతసేపూ నేను తిట్టుకున్న అడాప్టరే దాన్ని పట్టుకుంది మరి.

తర్వాత ఆలోచిస్తే అంతా అర్థమైంది. షూ మధ్యలో ఉండే పెద్ద చుక్క ఫ్లాష్‌ని వెలిగించడానికి. చుట్టూ ఉన్న చిన్న చుక్కలు ఎంత వెలగాలో కెమెరా చెప్పడానికి. ఫ్లాష్ ఒరిగినప్పుడు పెద్దది అంటుకునే ఉంటోంది, చిన్నవాటిలో ఒకటో రెండో లేస్తున్నాయి. వెలగమన్న మాట వినిపిస్తోంది, ఎంతో వినిపించట్లేదు. నా ఫ్లాష్ అలాంటప్పుడు ఉన్నదంతా కక్కేస్తోంది. అడాప్టర్ తీసేస్తే బరువు పోయి చుక్కలన్నీ చక్కగా కూర్చుంటున్నాయి. అందుకే ఉత్త ఫ్లాష్ పరీక్షలో పాసైంది.

రిపేరు చేసే పెద్దాయన విరిగిన ముక్కని భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. విరిగిన అంచు సగం మురికిగా ఉంది, సగం తెల్లగా తాజాగా ఉంది. "ఇది ఇవాళ విరిగింది కాదు బాబూ, ఎన్నాళ్ల నుంచో పగులుతోంది. మిగిలిన సగం ఇవాళ పోయింది" అన్నాడు. అయితే ఈసారి లోహపు కాలు వేయండని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. "కాలు గట్టిగా ఉంటే ఆ బరువు ఎక్కడికి పోతుంది? కెమెరా షూ మీదికి పోతుంది. ఫ్లాష్ కాలు మార్చడం నాకు గంట పని. కెమెరా నెత్తి ఊడి వస్తే అప్పుడు ఏడుస్తావు." మళ్లీ ప్లాస్టిక్‌దే వేయించుకున్నాను. నాలుగు మరలే కదా, ఇంట్లో నేనే విప్పుకుందును అన్నందుకు ఇంకో చీవాటు. ఫ్లాష్ లోపల కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్‌లో 300 వోల్టులు, ఆ పైన కూడా ఉండొచ్చు, స్విచ్ ఆపి బ్యాటరీలు తీసినా చాలాసేపు అలాగే నిలిచి ఉండొచ్చు. ఇంట్లో విప్పకండి.

అప్పటి నుంచి అడాప్టర్‌ని కెమెరా నెత్తిన పెట్టి నిలువు ఫ్రేము తీయడం మానేశాను. కెమెరా మాటని ఫ్లాష్‌కి చేరవేసే టీటీఎల్ కేబుల్ ఒకటి మధ్యలో పెట్టి, ఫ్లాష్‌నీ చక్రాన్నీ ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కెమెరా. లెన్సు చక్రంలోంచి తొంగి చూస్తుంది. షూ మీద కేబుల్ బరువు తప్ప ఏమీ లేదు. పోయిన బరువంతా నా ఎడమ మణికట్టు మీదికి వచ్చింది. ఇరవై నిమిషాలకి చెయ్యి వణకడం మొదలవుతుంది, లెన్సు జూమ్ తిప్పడానికి మూడో చెయ్యి లేదు. కింది నుంచి దూర్చే రకం కొన్నవాళ్లు మొదటి రోజు నుంచీ ఇలాగే పట్టుకుంటున్నారు. వాళ్లని చూసి నవ్వినవాణ్ణి నేను.

ఇక నేను పొగిడిన పొగడ్తల సంగతి. "నీడలే పడవు" అన్నాను కదా. ముఖం మీద పడవు. మనిషి గోడకి దగ్గరగా నిలబడితే గోడ మీద ఒళ్లంతా చుట్టి కాటుక గీత గీసినట్టు సన్నటి నీడ పడుతుంది. కొందరు దాని కోసమే ఇది కొంటారు. వద్దనుకుంటే మనిషిని రెండు మీటర్లు ముందుకి జరపాలి, అప్పుడు గోడ చీకటైపోతుంది. కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకి రెండు అద్దాల్లోనూ రెండు తెల్ల చక్రాలు. తల కాస్త వంచమనడం తప్ప మందు లేదు. నూనె జిడ్డున్న నుదురు అద్దంలా మెరుస్తుంది. మేకప్ వేసిన ముఖాలే తీసినన్నాళ్లూ ఇది నాకు తెలియలేదు. పౌడర్ వేసుకోని మా వాళ్లని తీసినప్పుడు తెలిసింది.

వెలుగు అన్ని వైపులా సమానంగా పడుతుందనీ చెప్పేవాణ్ణి. రెండో ఏడాది ఒక కంటి క్లోజప్‌ని పెద్దది చేసి చూస్తుంటే, పాపలో రింగు రింగులా లేదు, నెలవంకలా ఉంది. పైన వెలుగు, కింద మసక. అనుమానం వచ్చి, ఫ్లాష్‌ని 1/128కి తగ్గించి, లెన్సు లోపలి రంధ్రాన్ని (ఎపర్చర్) బాగా మూసి, అద్దంలో చక్రాన్నే ఫొటో తీశాను. పై సగానికీ కింది సగానికీ ఒక స్టాప్‌కి దగ్గరగా తేడా ఉంది. మళ్లీ కంపెనీవాణ్ణి తిట్టబోయి ఆగాను. ఫ్లాష్ జూమ్ ఆటోలో ఉంది. 105 మిల్లీమీటర్ల లెన్సు తగిలించగానే ఫ్లాష్ తల కూడా 105కి వెళ్లి, వెలుగుని సన్నటి ధారగా చేసి గొట్టంలో ఒకే చోటికి కొడుతోంది. జూమ్‌ని చేత్తో 50 దగ్గర, 35 దగ్గర పెట్టి అద్దం ముందు మళ్లీ మళ్లీ తీశాను. 50 దగ్గర తేడా సగానికి సగం తగ్గింది. పూర్తిగా పోలేదు. కింద ఇప్పటికీ కాస్త మసకే, కాకపోతే చెబితే తప్ప ఎవరూ గమనించరు. మీ ఫ్లాష్‌కి వేరే అంకె కుదరొచ్చు. అద్దం ముందు పది నిమిషాలు కూర్చుంటే తేలిపోతుంది.

వెలుగు మింగే సంగతి ఒకటి ఉంది. నా దాంట్లో దాదాపు రెండు స్టాపులు గొట్టాల్లోనే పోతాయి. గదిలో మీటరున్నర దూరంలో నాకది అడ్డం కాలేదు. ఎండలో నిలబెట్టిన ముఖానికి సాయంగా వాడదామంటే మాత్రం మీటరు దాటితే చాలదు. ఫుల్ పవర్‌లో వరసగా కొడితే ఫ్లాష్ వేడెక్కి కాసేపు మొరాయిస్తుంది. ఫోకస్‌కి సాయం చేసే ఫ్లాష్ ఎర్ర లైటుకి అడాప్టర్ అడ్డం వస్తుంది కాబట్టి చీకటి గదిలో లెన్సు తడుముకుంటుంది. నేను పక్కన టేబుల్ లైటు వేసి ఉంచుతాను. దానివల్ల కంటిపాపలు చిన్నవై ఎర్ర కళ్ల బెడద కూడా తగ్గింది. వెలుగు లెన్సుకి ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, అందులోనూ దూరం జరిగి తీస్తే, ఆ బెడద తప్పదు.

నేను అనుకోకుండా బాగుపడింది దగ్గరి ఫొటోల్లో. బాగా దగ్గర నుంచి తీసే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో చిన్న వస్తువులు తీసేటప్పుడు కెమెరా ట్రైపాడ్ మీద, అడాప్టర్ వేరే చిన్న స్టాండు మీద, మధ్యలో కేబుల్. దూరం జానెడు కాబట్టి వెలుగు నష్టం లెక్కలోకి రాదు. చేతికి నొప్పి లేదు, కాలికి బరువు లేదు. ఈ ఏడాది నా అడాప్టర్ పని సగానికి పైగా ఇదే.

నెలకి రెండు మూడుసార్లు, చిన్న గదిలో, ఒకరిద్దరి ముఖాలు తీసేవాణ్ణి కాబట్టి నాకు ఇది సరిపోయింది. రోజంతా నిలబడి తీసేవాళ్లకి నా మణికట్టు సంగతి ముందే చెప్పాను. సొంత బల్బు ఉన్న అసలైన రింగ్ ఫ్లాష్‌తో దీన్ని పోల్చే అనుభవం నాకు లేదు. మళ్లీ కొనాల్సి వస్తే కింది నుంచి దూర్చే రకమో, గుడ్డతో చేసి మడత పెట్టేదో చూస్తాను. పైనుంచి తొడిగేదే మీ దగ్గరుంటే, ఇవాళ ఫ్లాష్ తీసి కాలి మూలల్లో వేలి గోరు నడిపి చూడండి. వెంట్రుకంత గీత గోరుకి తగిలితే అది గీత కాదు. నా కొత్త కాలికి రెండేళ్లు నిండాయి. నిన్న రాత్రి చూశాను, ఇంకా ఏమీ తగల్లేదు.